గెరిజీము దీవెన, ఏబాలు శాపం: పాఠకుల సందేహాలకు జవాబులు

ఈ నెల ఉత్తరాల్లో "శాపం" అన్న మాట పదే పదే కనిపించింది. ఒకే రకం ప్రశ్నల్ని కలిపేసి జవాబులు ఇస్తున్నాం. శీర్షికలోని గెరిజీము, ఏబాలు ద్వితీయోపదేశకాండంలో దీవెన, శాపం పలకమన్న రెండు కొండలు. పక్కన బైబిలు తెరిచి పెట్టుకుని చదవండి. కొన్ని జవాబులు బారూకు, సీరా గ్రంథాల మీద నిలబడ్డాయి కాబట్టి అది కతోలిక ముద్రణ అయి ఉండాలి.

కొత్త సంవత్సరం రోజు తీసుకున్న వాగ్దాన కార్డులో "ప్రభువు నిన్ను తలగా చేస్తాడు గాని తోకగా చేయడు" అని వచ్చింది. ఏడాదంతా గోడకు అంటించుకుని ప్రార్థించాను. ప్రమోషన్ రాలేదు సరికదా ఉన్న ఉద్యోగమే పోయింది. దేవుడు మాట తప్పాడా? – ఓ పాఠకురాలు, గుంటూరు

ఆయన మాట తప్పలేదమ్మా, కార్డు వేసినవాళ్లు మాటను మధ్యలో తుంచేశారు. అది ద్వితీయోపదేశకాండం 28:13. "నేను ఈనాడు విధిస్తున్న ప్రభువు ఆజ్ఞలను విని పాటిస్తే" అన్న షరతు ఆ వాక్యంలోనే ఉంది. ఇంకా కిందికి, 44వ వాక్యానికి రండి. అక్కడ మీ మధ్య బతికే పరదేశి తల అవుతాడు, నువ్వు తోకవవుతావు. 12లో నువ్వు అనేక జాతులకు అప్పిస్తావు, 44లో నువ్వే అప్పు తీసుకుంటావు. 7లో శత్రువు ఒక దారిన వచ్చి ఏడు దారుల్లో పారిపోతాడు, 25లో అలా పారిపోయేది నువ్వు. తక్కెడలో ఒక పళ్లేన్నే చూపిస్తే తూకం తెలియదు. 44వ వాక్యం అచ్చువేసిన కార్డు మాత్రం ఎవరూ పంచరు.

ఇక "నువ్వు" అన్నది ఎవరిని? యొర్దాను దాటబోతూ మోయాబు మైదానంలో నిలబడ్డ ఒక జాతి మొత్తాన్ని మోషే ఒక్క మనిషిని పిలిచినట్టు పిలుస్తున్నాడు. అక్కడి దీవెనలన్నీ ఆ జాతి బతుకుకు సంబంధించినవి: అదునుకు వాన, నిండిన గాదెలు, పశువుల సంతతి, యుద్ధంలో గెలుపు. ఒక ఆఫీసులో ఒకరి ప్రమోషన్ ఆ జాబితాలో లేదు. మీ ఉద్యోగం పోవడాన్ని ఆ వాక్యంతో కొలిచి, "నేనేదో ఆజ్ఞ తప్పాను కాబోలు" అని వెతుక్కోనక్కర్లేదు.

ఆ వాగ్దానం మనకు అసలు చెందదా అంటే, చెందుతుంది, క్రీస్తు ద్వారా. దేవుని వాగ్దానాలన్నిటికీ ఆయనలోనే "అవును" అంటాడు పునీత పౌలు (2 కొరింతి 1:20). అయితే ఆ "అవును" రూపం మారింది. లూకా 6:20–26లో యేసు నాలుగు "ధన్యులు", నాలుగు "అయ్యో" పలుకుతాడు. దీవెన–శాపాల పాత వరుసనే తీసుకుని, పేదల్ని దీవెన వైపు, కడుపు నిండినవాళ్లని అటు వైపు నిలబెడతాడు. 28వ అధ్యాయాన్ని జీతం రాళ్లతో కొలిచే కొలబద్ద చేసుకుంటే, తల వాల్చుకునే చోటు కూడా లేని యేసు సైతం తోకే అవుతాడు.

వచ్చే ఏడాది మళ్లీ కార్డు తీస్తే మూడు పనులు చేయండి. ఆ వాక్యం ముందు పది, తర్వాత పది వాక్యాలు చదవండి. "అయితే", "పాటిస్తే" అన్న మాటలుంటే కింద గీత గీయండి. ఆ భాగాన్ని శ్రీసభ (కతోలిక సంఘం) ఆరాధనలో ఏ సువిశేషంతో జత చేసిందో చూడండి. ఉదాహరణకు "జీవాన్ని ఎన్నుకో" అనే ద్వితీయోపదేశకాండం 30:15–20 విభూది బుధవారం మర్నాటి పఠనం. దాని పక్కన పెట్టిన సువిశేషం లూకా 9:22–25, అంటే సిలువ ఎత్తుకుని వెంట రమ్మన్నది.

28వ అధ్యాయంలో దీవెనలు 14 వాక్యాలే, శాపాలు 54. సత్యోపదేశం క్లాసులో పిల్లలు "దేవుడికి కోపం ఎక్కువా?" అని అడుగుతున్నారు. ఏం చెప్పాలి? – ఓ ఉపదేశి, ఖమ్మం జిల్లా

లెక్క సరిగ్గానే వేశారు. ఇంకొంచెం దగ్గరగా చూస్తే, 3 నుంచి 6 వరకు "దీవెన" అన్న మాట ఆరుసార్లు, 16 నుంచి 19 వరకు "శాపం" ఆరుసార్లు వస్తుంది. ఊళ్లో, పొలంలో, గంపలో, పిండి పిసికే తొట్టిలో, వచ్చేటప్పుడు, వెళ్లేటప్పుడు, అన్నీ ఎదురెదురుగా. అంతవరకూ తూకం సమానమే. పెరిగేదంతా ఆ తర్వాత.

పెరగడానికి కారణం కోపం అనుకునే ముందు పత్రం ఏ రకందో చూడాలి. ఆ రోజుల్లో పెద్ద రాజు, సామంత రాజు ఒప్పందం రాసుకుంటే చివర దేవుళ్లను సాక్షులుగా పిలిచి, మాట తప్పినవాడి మీదికి శాపాలు రాసేవాళ్లు. హిత్తీయుల ఒప్పందాల్లో ఉంది, అస్సీరియా ఒప్పందాల్లో మరీ ఉంది. క్రీ.పూ. 672లో అస్సీరియా రాజు ఎసర్హద్దోను, తన తర్వాత కొడుకు అషుర్బనిపాలుకు లోబడి ఉంటామని సామంతుల చేత ప్రమాణం చేయించాడు. ఆ పలకలు ఇరాక్‌లోని నిమ్రూద్‌లో 1955లో, ఇంకో ప్రతి తుర్కియేలోని టెల్ తాయినాత్‌లో 2009లో బయటపడ్డాయి. నేల ఇనుములా గట్టిపడాలి, కంచు ఆకాశం నుంచి చుక్క రాలకూడదు అన్న శాపం అందులో ఉంది. ద్వితీయోపదేశకాండం 28:23 చదవండి: తల మీద ఆకాశం కంచు, కాళ్ల కింద నేల ఇనుము. లేవీయకాండం 26:19లో లోహాలు అటూ ఇటూ మారాయి, ఆకాశం ఇనుము, నేల కంచు. ఆ కాలపు యూదా అస్సీరియాకు కప్పం కట్టే రాజ్యమే కాబట్టి ఈ భాష వాళ్ల చెవులకు బాగా తెలిసినదే. పవిత్ర రచయితలు తమ కాలపు రచనా రీతుల్లోనే రాశారని, వాటిని తెలుసుకుని చదవమని 12వ పయస్ పాపుగారు 1943లోనే బైబిలు పండితులకు చెప్పారు.

పిల్లలకు ఇంత అక్కర్లేదు. బ్యాంకు అప్పు పత్రం చూపించండి. వాయిదాలు సరిగ్గా కడితే ఏమవుతుందో ఒక లైను, కట్టకపోతే ఏమవుతుందో నాలుగు పేజీలు. అది చూసి బ్యాంకువాడికి మన మీద పగ అనుకోం.

తేడా కూడా చెప్పాలి, ఎందుకంటే అసలు సంగతి తేడాలోనే ఉంది. అస్సీరియా పత్రం మాట తప్పినవాడి నాశనంతో ఆగిపోతుంది, తిరిగి వచ్చే దారి అందులో లేదు. మోషే మాటలు అలా ఆగవు. 30:1–10లో, ఈ శాపాలన్నీ తగిలి చెదిరిపోయాక కూడా మనసు మార్చుకుంటే దేవుడు పోగు చేసి తెస్తాడు, హృదయానికి తానే సున్నతి చేస్తాడు. లేవీయకాండం 26లో "ఏడంతలు" అనే మాట నాలుగుసార్లు వస్తుంది (18, 21, 24, 28). ప్రతిసారీ ముందు "అప్పటికీ మీరు వినకపోతే" అని ఉంటుంది. ఒక్కో మెట్టు దగ్గర ఆగి, తిరిగి చూడటానికి సందు ఇస్తున్నాడన్నమాట. చివర 42లో యాకోబు, ఇస్సాకు, అబ్రాహాముల నిబంధనను, అదీ వెనక నుంచి ముందుకు, గుర్తు చేసుకుంటాడు. ఆ శాపాలు నిజంగానే తగిలాక జనం ఎలా ప్రార్థించారో చూడాలంటే బారూకు 1:15 నుంచి 3:8 వరకు చదవండి. మోషే చెప్పిన శాపం మమ్మల్ని అంటిపెట్టుకుంది అని ఒప్పుకుంటూ మొదలుపెట్టి, 2:35లో నిత్య నిబంధన మాట దగ్గరికి వస్తారు.

క్లాసులో చేయించడానికి 27వ అధ్యాయం బాగుంటుంది. షెకెము పట్టణానికి, అంటే నేటి నాబ్లస్‌కు, రెండు పక్కలా గెరిజీము (881 మీటర్లు), ఏబాలు (940 మీటర్లు) కొండలు. గెరిజీము వైపు షిమ్యోను, లేవి, యూదా, ఇశ్శాఖారు, యోసేపు, బెన్యామీను గోత్రాలు. ఏబాలు వైపు రూబేను, గాదు, ఆషేరు, జెబూలూను, దాను, నఫ్తాలి. పిల్లల్ని అలా ఆరేసి గుంపులుగా నిలబెట్టండి. ఒకరు 15 నుంచి 26 వరకు పన్నెండు శాపాలు చదవాలి, ప్రతిదానికీ అందరూ ఆమెన్ అనాలి. తర్వాత ఒక ప్రశ్న వేయండి: ఈ పన్నెండింటిలో చాలావాటికి ఉన్న పోలిక ఏమిటి? చాటుగా విగ్రహం పెట్టుకోవడం, పొరుగువాడి సరిహద్దు రాయి జరపడం, గుడ్డివాణ్ని దారి తప్పించడం, చాటుగా కొట్టడం, లంచం తీసుకోవడం. ఎక్కువగా పోలీసుకూ పంచాయతీకీ దొరకనివే. మనిషి సాక్ష్యం అందని చోట జనమంతా కలిసి దేవుణ్ని సాక్షిగా పెట్టుకున్నారు. ఆమెన్ అన్నవాడు తన మీద తానే సంతకం పెట్టుకున్నట్టు.

రెండు జాగ్రత్తలు. 28:53–57లో ముట్టడి ఆకలి వర్ణన ఉంది, చిన్నపిల్లల చేత చదివించొద్దు. ఆట ముగిశాక పిల్లలు ఆ వాక్యాలతో ఒకర్నొకరు తిట్టుకోవడం మొదలుపెడతారు, కాబట్టి సంఖ్యాకాండం 6:24–26 దీవెన అందరి చేత ఒకరి మీద ఒకరికి చెప్పించి పంపండి.

అన్నట్టు, 27:4–7లో బలిపీఠం కట్టమన్నది ఏ కొండ మీదో గమనించారా? మన బైబిలు పాఠం ప్రకారం ఏబాలు మీద, శాపపు కొండ మీద. సమరీయుల ప్రతిలో అక్కడ గెరిజీము అని ఉంటుంది. మన పాఠమే తీసుకుంటే, శాపం పలికిన చోటే సమాధాన బలి అర్పించి, అక్కడే తిని, సంతోషించమన్నాడు. కింది జవాబుల్లో ఒకచోట దీని అవసరం పడుతుంది.

మా తాత మంత్రాలు వేసేవాడట. అందుకే మా ఇంట్లో తాగుడు, పెళ్లిళ్లు నిలవకపోవడం అని ఒక ప్రార్థన బృందం వాళ్లు చెప్పారు. నాలుగు తరాల వంశవృక్షం రాసి తెస్తే ఏడు వారాల్లో వంశశాపం తెంచుతారట, ఒక్కో పేరుకు కానుక కట్టాలట. వెళ్లవచ్చా? – ఓ యువకుడు, సికింద్రాబాద్

వెళ్లొద్దు. ఎందుకో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే వాళ్లు చూపించే వాక్యాలు బైబిల్లో ఉన్నవే.

మొదటిది నిర్గమకాండం 20:5, తండ్రుల దోషాన్ని మూడు నాలుగు తరాల వరకు పిల్లల మీద విచారిస్తాననేది. అందులో "నన్ను ద్వేషించేవారి" అన్న మాట ఉంది. తర్వాతి వాక్యంలో కనికరం వేల తరాలకు. అప్పటి ఇళ్లలో మూడు నాలుగు తరాలు ఒకే కప్పు కింద బతికేవి, ఇంటి పెద్ద విగ్రహం ముందు కూర్చుంటే అందరూ కూర్చునేవాళ్లు. పెద్ద చేసిన తప్పు ఇల్లంతా పాకుతుందన్న హెచ్చరిక అది. పుట్టబోయే మునిమనవడికి నేరం అంటగట్టే చట్టం కాదు. చట్టం ఏమిటో ద్వితీయోపదేశకాండం 24:16 చెబుతుంది: తండ్రి తప్పుకు కొడుకునీ, కొడుకు తప్పుకు తండ్రినీ చంపరాదు. అమస్యా రాజు దాన్ని అమలు చేసి, తన తండ్రిని చంపినవాళ్ల పిల్లల్ని వదిలేశాడు (2 రాజులు 14:6). "తండ్రులు పుల్లని ద్రాక్షలు తింటే పిల్లల పళ్లు పులిశాయి" అన్న సామెత ఇక మీ నోట రాకూడదని యెహెజ్కేలు 18వ అధ్యాయమంతా వాదిస్తుంది. ఇంటికి వెళ్లి ఆ ఒక్క అధ్యాయం పూర్తిగా చదవండి, సగం భయం పోతుంది.

రెండోది లేవీయకాండం 26:40. అక్కడ తమ దోషంతోపాటు తండ్రుల దోషాన్ని కూడా ఒప్పుకోమని ఉంది. నిజమే, శ్రీసభ కూడా అలా చేసింది. 2000 మార్చి 12న రెండవ జాన్ పాల్ పాపుగారు పునీత పేతురు మహాదేవాలయంలో, గతంలో శ్రీసభ బిడ్డలు చేసిన పాపాలకు దేవుణ్ని క్షమాపణ వేడారు. అది ఒక సంఘం తన చరిత్రను దాచుకోకుండా నిజం ఒప్పుకోవడం. పూర్వీకుల అపరాధం మన ఆత్మకు అంటుకుందనీ, దాన్ని కత్తిరించాలనీ దానికి అర్థం కాదు. పాపసంకీర్తనంలో, అంటే గురువు దగ్గర పాపాలు ఒప్పుకునేటప్పుడు, మీరు చెప్పాల్సింది మీ పాపాలే, తాతవి కాదు.

తరం నుంచి తరానికి జన్మతః వచ్చేది జన్మపాపం ఒక్కటే. అది కూడా ఆదాము సంతతిలో ఎవరికీ సొంత అపరాధం కాదని శ్రీసభ సత్యోపదేశ గ్రంథం 405వ సంఖ్య అంటుంది. జ్ఞానస్నానం (బాప్తిస్మం) దాన్నీ, సొంత పాపాలన్నిటినీ, వాటి శిక్షనూ తుడిచేస్తుంది (1263). మిగిలేవి జబ్బు, చావు, బలహీనత, పాపం వైపు మొగ్గు (1264). జ్ఞానస్నానం తర్వాత కూడా వంశశాపం మిగిలి ఉందనడం, ఆ సంస్కారం సగమే పనిచేసిందనడమే. పోలెండు పీఠాధిపతులు (బిషప్పులు) 2015లో, స్పెయిను పీఠాధిపతుల విశ్వాస సిద్ధాంత సంఘం 2024లో ఈ "వంశవృక్ష స్వస్థత" ప్రార్థనలు తగవని రాతపూర్వకంగా చెప్పాయి.

మరి తాగుడు తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి అన్నకు ఎలా వచ్చింది? అలవాటు వస్తుంది, అప్పు వస్తుంది, ఇంట్లో కొట్టుకోవడం చూసి పెరిగిన భయం వస్తుంది, ఒక్కోసారి శరీర తత్వం కూడా వస్తుంది. వీటికి పేరు శాపం అని పెడితే జరిగే నష్టం ఏమిటంటే, తాగేవాడు డాక్టరు దగ్గరికి వెళ్లడు. తప్పు చచ్చిపోయిన తాతది అయిపోతుంది, బతికున్నవాడికి పని ఉండదు.

చేయాల్సింది ఇది. తాగేవాణ్ని మద్యం మాన్పించే వైద్యానికి తీసుకెళ్లండి. ఇంట్లో తాయెత్తులు, మంత్రించిన తాళ్లు, నిమ్మకాయలు ఉంటే తీసి పారేయండి, వాటికోసం ఎవరి దగ్గరికైనా వెళ్లి ఉంటే అది మీ సొంత పాపం, పాపసంకీర్తనంలో చెప్పండి (సత్యోపదేశం 2117). తాత ఆత్మ కోసం దివ్యబలిపూజ చేయించండి. 2 మక్కబీయులు 12:43–45 ప్రకారం అది చనిపోయినవారికి మేలు చేసే పని. తాత మనకు కీడు చేయకుండా ఆపడానికి కట్టే కప్పం కాదు. పాస్కా జాగరణ (ఈస్టర్ ముందు) రాత్రి జ్ఞానస్నాన వాగ్దానాలను అందరితోపాటు నూతనీకరించేటప్పుడు నోటితో పైపైన అనకండి, "సైతానును విసర్జిస్తున్నాను" అన్న మాట మీ వంశవృక్షంలోని ఏ కొమ్మకన్నా గట్టిది.

డబ్బు సంగతి. సంస్కారాలకు స్థానిక శ్రీసభ అధికారం నిర్ణయించిన కానుక తప్ప ఏదీ అడగరాదని శ్రీసభ చట్టం 848వ నిబంధన. పూజ కానుకల్లో బేరం వాసన కూడా రాకూడదని 947. ఒక్కో పూర్వీకుడికీ ధర కట్టడం ఏ నిబంధనలోనూ లేదు. భూతోచ్ఛాటన స్థానిక పీఠాధిపతి ప్రత్యేక అనుమతి ఉన్న గురువు మాత్రమే చేయాలి (1172). 13వ లియో పాపుగారి పేరున ఉన్న భూతోచ్ఛాటన వాక్యాలను సామాన్య విశ్వాసులు వాడరాదని 1985లో రోము స్పష్టం చేసింది. స్వస్థత కూటాల్లో కేకలు, ఊగిపోవడాలు, నాటకీయత ఉండరాదని 2000లో రోము ఇచ్చిన సూచనల్లో ఉంది. మీ ఇంట్లో నిజంగా వింత ఏదైనా ఉంటే విచారణ గురువుకు చెప్పండి. ఆయన ముందు డాక్టరు చీటీ అడిగితే నొచ్చుకోకండి. జబ్బు కాదని తేల్చుకోవడం మొదటి మెట్టని సత్యోపదేశం 1673వ సంఖ్యే చెబుతుంది.

"మాను మీద వేలాడినవాడు శాపగ్రస్తుడు" (గలతీ 3:13). తండ్రి తన కుమారుణ్ని శపించాడా? ఒకవేళ శాపం అంతా అక్కడే తీరిపోతే కొత్త నిబంధనలో ఇక శాపం లేనట్టేనా? – ఓ పాఠకుడు, నెల్లూరు

పౌలు ఎత్తిన వాక్యం ద్వితీయోపదేశకాండం 21:23. అక్కడ "దేవునిచేత శపించబడినవాడు" అని ఉంది. పౌలు ఆ "దేవునిచేత" అన్న మాటను వదిలేసి రాశాడు. ధర్మశాస్త్రంలో ఆరితేరిన పరిసయ్యుడు మరచిపోయి వదలడు. యేసు తానే పాపం చేసినట్టు దేవుని తిరస్కారాన్ని చవిచూడలేదని సత్యోపదేశం 603వ సంఖ్య అంటుంది. ఆయన మన శిక్షను ప్రేమతో తన మీద వేసుకున్నాడు, ధర్మశాస్త్రం శాపమని పేరు పెట్టిన చావునే ఎంచుకున్నాడు.

ఇందుకు ఆదికాండం 15 గుర్తు తెచ్చుకోండి. హెబ్రీలో నిబంధన "చేయడం" అనరు, "కోయడం" అంటారు. పశువుల్ని రెండుగా కోసి, ముక్కల మధ్య నడిచి, "మాట తప్పితే నా గతి ఇదే" అన్నట్టు ప్రమాణం చేసేవాళ్లు. యిర్మీయా 34:18లో ఆ అర్థం స్పష్టంగా ఉంది. అబ్రాహాము కోసి పెట్టిన ముక్కల మధ్య నడిచింది అబ్రాహాము కాదు. పొగలేచే కుంపటి, మండే దివిటీ, అంటే దేవుడొక్కడే. సీనాయి దగ్గర జనం మీద నిబంధన రక్తం చల్లారు (నిర్గమ 24:8), వాళ్లు మాట తప్పారు, ముక్కల శాపం వాటి మధ్య నడిచిన దేవుడి మీదే పడింది. కడరా భోజనంలో యేసు సీనాయి మాటనే తీసుకుని "నా నిబంధన రక్తం" అన్నాడు. శాపపు కొండ మీద బలిపీఠం, అక్కడే భోజనం అని పైన చెప్పుకున్నది ఇక్కడికి తెచ్చి చూడండి. కల్వరి కొండ, దివ్యబలిపూజ.

ఇక రెండో సగం. శాపం పోయిందని షరతు పోలేదు. మత్తయి 25:41లో ఎడమవైపు ఉన్నవారిని "శపింపబడినవారలారా" అంటాడు. దేనికి? ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టనందుకు. 1 కొరింతి 11:27–30లో దివ్యసత్ప్రసాదాన్ని అయోగ్యంగా తిన్నవారు తమ మీద తీర్పును తెచ్చుకుంటారంటాడు పౌలు. ఏబాలు దగ్గర ఆమెన్ అన్నవాళ్లలాగే సత్ప్రసాదం అందుకునేటప్పుడు మనమూ ఆమెన్ అంటున్నాం. ఘోరపాపం మనసులో ఉందని తెలిసినప్పుడు ముందు పాపసంకీర్తనం చేసుకోమని శ్రీసభ అడగడం (సత్యోపదేశం 1385) అందుకే.

మా రెండో బాబు పుట్టుకతోనే వైకల్యంతో పుట్టాడు. 28:18లో "నీ గర్భఫలం శపించబడుతుంది" అని ఒకరు వాట్సాప్‌లో పంపారు. – ఓ తల్లి, దుబాయ్

ఆ సందేశం తీసేయండి. ఇదే ప్రశ్న శిష్యులు అడిగారు: పుట్టుగుడ్డికి కారణం వీడి పాపమా, తల్లిదండ్రులదా? "వీడూ కాదు, వీడి తల్లిదండ్రులూ కాదు" అన్నాడు యేసు (యోహాను 9:3). సిలోయము గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోయినప్పుడూ, వాళ్లు మిగతావారికంటే పాపులనుకోవద్దన్నాడు (లూకా 13:4). 28వ అధ్యాయం ఒక జాతి నిబంధన తప్పితే ఏమవుతుందో ముందుగా చెప్పింది. దాన్ని వెనక్కి తిప్పి, ఒక ఇంట్లో కష్టం చూసి లోపల పాపం ఉందని లెక్క కట్టడం యోబు స్నేహితులు చేసిన తప్పు. యోబు 42:7లో దేవుడు కోపపడింది ఆ స్నేహితుల మీద. బాబుకు జ్ఞానస్నానం ఇప్పించారా? ఇంకా లేకపోతే ఆలస్యం చేయకండి. రోజూ పడుకునే ముందు వాడి నుదుటి మీద సిలువ గుర్తు వేసి దీవించండి, జ్ఞానస్నానం పొందిన తల్లిగా ఆ అధికారం మీకుంది (సత్యోపదేశం 1669).

దశమభాగం ఇవ్వనివారు శాపగ్రస్తులని మలాకీ 3:9 చెబుతుంది కదా. జీతంలో పదోవంతు ఇవ్వకపోతే శాపమేనా? – ఓ పాఠకుడు, విశాఖపట్నం

శ్రీసభ చట్టం పదిశాతం అని ఎక్కడా రాయలేదు. శ్రీసభ అవసరాలకు, పేదలకు శక్తికొద్దీ ఇవ్వాలన్నది కట్టడ (222వ నిబంధన, సత్యోపదేశం 2043). "సణుక్కుంటూ గాని బలవంతం మీద గాని కాదు" అన్నది పౌలు మాట (2 కొరింతి 9:7). మలాకీ తిట్టింది దేవాలయపు గాదె ఖాళీ పెట్టినవాళ్లని. ఆ గాదెలోది ఎవరికో కూడా చూడండి: ద్వితీయోపదేశకాండం 14:28–29 ప్రకారం మూడో ఏటి దశమభాగం లేవీయుడికి, పరదేశికి, అనాథకు, విధవరాలికి. మలాకీ వాక్యం చదివి డబ్బు అడిగేవారిని విధవల లెక్క కూడా చూపించమనండి.

యూదుల మీద ఆ శాపం ఇప్పటికీ ఉందా? "ఆయన రక్తం మా మీద" అన్నారు కదా. – ఓ పాఠకుడు, కర్నూలు

లేదు. యూదులను దేవుడు తిరస్కరించినవారిగా, శపించబడినవారిగా చూపించరాదని రెండవ వాటికన్ మహాసభ 1965 అక్టోబరు 28న ప్రకటించిన "నోస్త్రా ఏతాతే" నాలుగో భాగం చెబుతుంది. దేవుని వరాలు, పిలుపు వెనక్కి తీసుకునేవి కావు (రోమీయ 11:29). పవిత్ర శుక్రవారం ప్రార్థనలో వారిని కించపరిచేలా ఉన్న విశేషణాన్ని 23వ జాన్ పాపుగారు 1959లో తీయించారు. మత్తయి 27:25 తీసుకుని ప్రసంగంలో అలా మాట్లాడేవారు శ్రీసభ మాట చెప్పడం లేదు.

మా పొలం పక్క ముసలావిడ, గట్టు గొడవలో, మా వాకిట్లో దోసెడు మన్ను పోసి "మీ వంశం నిలవదు" అని శపించింది. అప్పటి నుంచి నిద్ర పట్టడం లేదు. తీర్థజలం చల్లిస్తే సరిపోతుందా? – ఓ రైతు, పల్నాడు

జవాబు మీ దగ్గరే ఉంది: గట్టు ఎవరు జరిపారు?

మీరు జరపలేదంటే సామెతలు 26:2 మీకోసమే. కారణం లేని శాపం ఎగిరిపోయే పిచ్చుక లాంటిది, వచ్చి వాలదు. బిలాము డబ్బుకు శపించడానికి కొండెక్కి కూడా "దేవుడు శపించనివాణ్ని నేనెలా శపించను?" అన్నాడు (సంఖ్యా 23:8). తీర్థజలం చల్లుకోండి, ఇంటిని గురువు చేత దీవింపజేసుకోండి, కానీ ఆ మన్నుకు విరుగుడు అనుకుని చేయకండి. ఆవిడను తిరిగి తిట్టకండి, రోమీయ 12:14 అందుకు ఒప్పుకోదు.

మీరే జరిపారంటే మాత్రం సంగతి వేరు. "నీ పొరుగువాడి సరిహద్దు రాయి జరిపేవాడు శాపగ్రస్తుడు" అన్నది ద్వితీయోపదేశకాండం 27:17. ఆవిడ విధవరాలైతే 27:19 కూడా తగులుతుంది. సీరా 4:6లో ఇంకా సూటిగా ఉంది: పేదవాడు మనసు రగిలి శపిస్తే అతన్ని సృష్టించినవాడు వింటాడు. అక్కడ పనిచేసేది మన్నులోని మంత్రం కాదు, అన్యాయం పడినవాళ్ల మొర. తీర్థజలం చల్లితే ఆ మొర ఆగదు. దాన్ని ఆపేది ఒక్కటే, తీసుకున్నది తిరిగి ఇవ్వడం. పాపసంకీర్తనంలో గురువు మొదట అడిగేది కూడా అదే, దొంగిలించింది ఇచ్చేస్తేనే పశ్చాత్తాపం నిజమైనట్టు (సత్యోపదేశం 1459, 2412).

సర్వేయరుకు దరఖాస్తు పెట్టి, ఆవిడ తరఫు మనిషిని కూడా పిలిచి కొలిపించండి. ఎన్ని సెంట్లు కలుపుకున్నారో తేలాక గట్టు పాత చోటికి జరపండి, ఖర్చు మీదే. ఆ నేల మీద ఇన్నేళ్లు తీసిన పంట కూడా ఆవిడదే, ఎకరాకు ఆ ఊరి కౌలు లెక్కన సుమారుగా కట్టి ఇవ్వండి. మోషే చట్టం అసలుకు ఐదోవంతు కలిపి ఇమ్మంది (లేవీయ 6:1–5). మీకు ఆ లెక్క కట్టుబాటు కాదు, కానీ తక్కువ ఇవ్వడానికి సాకులు వెతికేటప్పుడు గుర్తుంచుకోండి. ఆవిడ ఈలోపు కన్నుమూస్తే వారసులకు ఇవ్వాలి, వారసులు లేకపోతే పేదలకు. ఒకేసారి ఇవ్వలేకపోతే వాయిదాలు మాట్లాడుకుని, కాగితం మీద రాసి, ఇద్దరు సాక్షుల సంతకాలు పెట్టించండి. మన్ను మాత్రం వాకిలి ఊడ్చేటప్పుడు చీపురుతో ఊడ్చేయండి.